ఆడకుక్క ఎద, గర్భధారణ కాలం: గృహస్థులు తెలుసుకోవలసిన విషయాలు

"చిత్తకార్తె కుక్కలు" అనే మాట తెలుగునాట వినని వారుండరు. సాధారణంగా దానిని నిందగానే వాడుతారు గాని, ఆ మాట వెనుక మన పెద్దల చక్కని పరిశీలన ఒకటి ఉంది. చిత్తకార్తె అక్టోబరు రెండవ వారంలో ప్రవేశించి సుమారు రెండు వారాలు నడుస్తుంది. వర్షాలు వెనుకపట్టే ఆ రోజులలోనే మన వీధికుక్కలు ఎక్కువగా జత కడతాయి. పశ్చిమ బెంగాల్‌లో వీధికుక్కలపై జరిగిన శాస్త్రీయ పరిశీలనలు కూడా వర్షాకాలపు చివరి భాగం వాటి కలయికకు ముఖ్యమైన కాలమని, చలికాలంలో పిల్లలు ఎక్కువగా పుడతాయని తెలిపాయి. కుక్కకు గర్భకాలం రెండు నెలలు గనుక లెక్క సరిపోతున్నది.

అయితే ఇంట్లో పెరిగే కుక్క కార్తెలను పాటించదు. పొమరేనియన్, లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్ వంటి జాతులు సంవత్సరంలో ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. చిత్తకార్తె దాటిపోయింది కదా అని నిశ్చింతగా ఉన్న ఇంట్లో మాఘమాసంలోనో, నడివేసవిలోనో నేల మీద ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. ఇంటివారు కంగారు పడతారు. ఏదో దెబ్బ తగిలిందనుకుంటారు. కొంతసేపటికి అసలు విషయం గ్రహించి, "కుక్కకు బహిష్టు వచ్చింది" అని తేల్చుకుంటారు. ఈ ఒక్క పోలికతోనే పొరపాట్లన్నీ మొదలవుతాయి.

స్త్రీకి కలిగే ఋతుస్రావం, ఆడకుక్కకు కలిగే ఎదస్రావం చూపునకు ఒకటిగా కనిపించినా వాటి స్వభావం పూర్తిగా భిన్నమైనది. స్త్రీలో గర్భాశయం బిడ్డ కొరకు ఒక పొరను సిద్ధం చేసుకొని, గర్భం నిలవనప్పుడు ఆ పొరను విడిచిపెడుతుంది. అది జరిగిపోయిన ప్రయత్నానికి ముగింపు. కుక్కలో ఈ స్రావం రాబోయే ప్రయత్నానికి ఆరంభం. అండాశయంలో అండాలు ఎదుగుతున్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావం వల్ల గర్భాశయానికి రక్తప్రసారం అధికమై, సన్నని రక్తనాళాల నుండి నెత్తురు ఊరి బయటకు వస్తుంది. ఏ పొరా ఊడిపోవడం లేదు. క్షేత్రం దున్నడం మొదలయిందన్నమాట.

దీని పర్యవసానం ఏమిటో చూడండి. స్త్రీ విషయంలో స్రావం ఆగితే ఆ నెల వ్యవహారం ముగిసినట్లు. అదే లెక్కను కుక్కకు అన్వయించి, నెత్తురు ఆగగానే గొలుసు విప్పి వీధిలోకి వదులుతారు. నిజానికి అనేక కుక్కలలో నెత్తురు తగ్గి, స్రావం గడ్డి కడిగిన నీటి రంగుకు మారిన రోజులలోనే గర్భం నిలుస్తుంది. పది రోజులు కట్టడి చేసి, సరిగ్గా కట్టడి అవసరమైన నాడు విడిచిపెట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక పిల్లలు కావాలని కోరేవారు దీనికి విరుద్ధమైన తప్పు చేస్తారు. నెత్తురు బాగా కనిపిస్తున్న రోజులలోనే మగకుక్క వద్దకు తీసుకొని వెళ్లి, గర్భం నిలవలేదని నిరాశపడి, నిక్షేపంలాంటి కుక్కకు గొడ్డుమోతు అని పేరు పెడతారు.

నాలుగు సామగ్రి

ఆయుర్వేదంలో పాలకాప్యుడు ఏనుగులకు, శాలిహోత్రుడు గుర్రాలకు వైద్యశాస్త్రాలు చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. కుక్క విషయంలో మనకు ఉపయోగపడేది సుశ్రుతాచార్యుని ఒక మౌలిక సూత్రం. గర్భం నిలవడానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కూడి రావాలని, విత్తనం మొలకెత్తడంతో పోల్చి ఆయన శారీరస్థానంలో వివరించాడు. తగిన కాలం, తగిన నేల, తగిన నీరు, తగిన విత్తనం అని వాటి అర్థం. ఆయన చెప్పినది మానవుల విషయంలో. అయినా ప్రాణి ఏదైనా సూత్రం చెదరదు. కుక్క విషయంలో ఈ నాలుగింటిలో మొదటిదైన ఋతువే అత్యంత జటిలమైనది. అధిక సంఖ్యలో వైఫల్యాలు అక్కడే జరుగుతున్నాయి. కనుక ముందుగా దానినే విస్తారంగా పరిశీలిద్దాం.

చిన్న జాతుల ఆడకుక్క ఆరు నెలల నుండి సంవత్సరం లోపల మొదటిసారి ఎదకు వస్తుంది. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులలో ఏడాదిన్నర, ఒక్కొక్కప్పుడు రెండేళ్లు కూడా పట్టవచ్చు. ఆ తరువాత సగటున ఏడు నెలలకొకసారి ఎద పునరావృతమవుతుంది. "ఏడాదికి రెండుసార్లు" అని లోకంలో చెప్పే లెక్క ఉజ్జాయింపు మాత్రమే. జర్మన్ షెపర్డ్ కుక్కలలో కొన్ని నాలుగైదు నెలలకే మళ్లీ ఎదకు వస్తాయి. బసెంజీ అనే ఆఫ్రికా జాతి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. కుక్కకు స్త్రీలవలె ఋతువు నిలిచిపోయే వయస్సు లేదు. ముసలితనంలో ఎదల మధ్య ఎడం పెరుగుతుంది, పిల్లల సంఖ్య తగ్గుతుంది గాని, చక్రం పూర్తిగా ఆగదు. పన్నెండేళ్ల కుక్కకు కూడా ఎద రావచ్చునని గుర్తుంచుకోవాలి.

ఒక చక్రంలో నాలుగు దశలున్నాయి. మొదటిది పూర్వ ఋతుదశ. సగటున తొమ్మిది రోజులు ఉంటుంది. మూడు రోజులతో ముగిసినవీ, మూడు వారాల వరకు సాగినవీ ఉన్నాయి. యోనిపెదవులు ఉబ్బి గట్టిపడతాయి. నెత్తుటి స్రావం కనిపిస్తుంది. కుక్క మాటిమాటికీ నాకి శుభ్రం చేసుకుంటుంది, తరచుగా కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంది. ఆ మూత్రపు వాసనే వీధి వీధంతటికీ వార్త. మగకుక్కలు గేటు దగ్గర కాపు వేస్తాయి గాని, ఆడకుక్క వాటిని దగ్గరకు రానివ్వదు. మొరిగి తరుముతుంది లేదా చతికిలబడుతుంది.

రెండవది అసలు ఋతుదశ. ఇదీ సగటున తొమ్మిది రోజులే. ఉబ్బిన భాగం మెత్తబడుతుంది, స్రావం పలచబడుతుంది, కుక్క మగదానిని అంగీకరిస్తుంది. నడుము దగ్గర చేతితో నొక్కితే కదలకుండా నిలబడి తోకను ఒక పక్కకు తొలగిస్తుంది. ఇంట్లోనే చూడదగిన గుర్తులలో ఇది నమ్మదగినది. నెత్తురు రంగు మారడం అంత నమ్మదగినది కాదు. కొన్ని కుక్కలకు చివరి వరకు ఎర్రగానే ఉంటుంది. మరికొన్ని తమను తాము ఎంత శుభ్రంగా నాకుకుంటాయంటే ఇంటివారికి ఒక్క చుక్క కూడా కనబడదు. వీధిలోని మగకుక్కల సందడి చూసి తెలుసుకోవలసిందే. మొదటిసారి ఎదకు వచ్చిన పిల్లవయస్సు కుక్కలలో గుర్తులు కనిపించి మాయమై, కొన్ని వారాలకు మళ్లీ రావడం కూడా ఉంది. అది వ్యాధి కాదు. కాని ఆ రెండవ రాకలో గర్భం నిలవగలదు.

ఇక్కడ ప్రకృతి చేసిన విచిత్రమైన ఏర్పాటును వివరించాలి. పూర్వ ఋతుదశ ముగిసే వేళకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుండి ఎల్.హెచ్. అనే హార్మోను ఒక్కసారిగా ఎగసివస్తుంది. దాని తరువాత సుమారు రెండు రోజులకు అండాలు విడుదలవుతాయి. స్త్రీలో విడుదలైన అండం అప్పటికే పక్వమై ఉంటుంది. కుక్కలో అట్లా కాదు. పచ్చి అండాలు విడుదలై, అండవాహికలో రెండు మూడు రోజులు మాగి, ఆ తరువాతనే ఫలదీకరణకు యోగ్యమవుతాయి. అట్లా మాగిన అండాలు మరి రెండు మూడు రోజులు జీవించి ఉంటాయి. అనగా ఎల్.హెచ్. ఎగసిన నాలుగవ రోజు నుండి ఏడవ రోజు వరకు గర్భధారణకు ఉత్తమమైన కాలం.

ఉదాహరణకు ఒక కుక్కకు తొమ్మిది రోజులు పూర్వ ఋతుదశ జరిగిందనుకుందాం. పదవ రోజున ఎల్.హెచ్. ఎగసితే, పన్నెండవ రోజున అండాలు విడుదలవుతాయి. పద్నాలుగు, పదిహేను రోజులకు అవి పక్వమవుతాయి. లోకంలో "పదో రోజు, పదకొండో రోజు" అని చెప్పే లెక్క ఈ కుక్కకు తొందరపాటే అవుతుంది. అయినా ఆ లెక్కతో పిల్లలు పుట్టడం మనం చూస్తూనే ఉన్నాము. కారణం, ఆరోగ్యవంతమైన మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క శరీరంలో ఆరేడు రోజుల వరకు సజీవంగా నిరీక్షించగలవు. ముందుగా వచ్చిన వీర్యం అండం కోసం వేచి ఉంటుంది. ఈ కారణం చేతనే ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండవచ్చు. మంచి జాతి కుక్కతో కలిపిన రెండు రోజులకు గేటు దాటి వెళ్లివస్తే, పుట్టిన వాటిలో కొన్ని వీధి పోలికతో ఉండడం అబద్ధం కాదు.

రోజుల లెక్కను నమ్మవచ్చునా?

నమ్మరాదు. పూర్వ ఋతుదశ మూడు రోజులతో ముగిసే కుక్క ఆరవ రోజుకే అండాలను విడుదల చేయవచ్చు. మూడు వారాలు సాగే కుక్క ఇరవైమూడవ రోజుకు గాని చేయకపోవచ్చు. ఒకే కుక్కకు కూడా ఒక ఎదలో ఉన్న లెక్క మరొక ఎదలో ఉండాలన్న నియమం లేదు. రెండు మూడుసార్లు కలిపినా చూలు కట్టలేదని వచ్చే కుక్కలలో మొట్టమొదట అనుమానించవలసినది దాని గర్భాశయాన్ని కాదు, యజమాని క్యాలెండరును.

సరియైన కాలాన్ని తెలుసుకోవడానికి పశువైద్యులు రెండు పరీక్షలు చేస్తారు. ఒకటి వెజైనల్ స్మియర్. దూదిపుల్లతో యోని లోపలి కణాలను తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. మొదట్లో గుండ్రంగా, మధ్యలో కేంద్రకంతో ఉన్న కణాలు ఋతుదశ సమీపించిన కొద్దీ పలచబడి, మూలలు తేరి, కేంద్రకం కోల్పోయి, ఎండిన రేకులవలె కనిపిస్తాయి. నూటికి తొంభై పాళ్లు అట్లా మారితే ఋతుదశ వచ్చినట్లు. ఒక్కసారిగా మళ్లీ గుండ్రని కణాలు ప్రత్యక్షమైతే కాలం మించిపోయినట్లు. ఖర్చు స్వల్పమైన పరీక్ష ఇది.

రెండవది రక్తంలో ప్రొజెస్టిరాన్ పరీక్ష. ఇతర జంతువులలో అండం విడుదలైన తరువాతనే ఈ హార్మోను పెరుగుతుంది. కుక్కలో అంతకుముందే పెరగడం మొదలుపెట్టడం వైద్యులకు కలిసివచ్చిన విషయం. ఎద మొదట్లో మిల్లీలీటరు రక్తద్రవానికి 1 నానోగ్రాము లోపు ఉండేది, ఎల్.హెచ్. ఎగసినప్పుడు 2 దాటి, అండాల విడుదల వేళకు 5 ప్రాంతానికి చేరుతుంది. ప్రయోగశాలను బట్టి అంకెలలో కొంత తేడా ఉంటుంది. కనుక ఒకే చోట, రెండు రోజులకొకసారి చేయించి, పెరుగుదల తీరును చూడాలి. అండాల విడుదల తరువాత రెండవ రోజున ఒకసారి, నాలుగవ రోజున ఒకసారి కలిపితే చాలు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు దగ్గరగా ఉన్నవారు అక్కడి ఆసుపత్రులలో ఈ విషయం విచారించవచ్చు.

కలయిక గురించి ఒక మాట చెప్పక తప్పదు. మగకుక్క అంగం మొదట ఉండే కండ లోపల ఉబ్బి, ఆడకుక్క కండరాలు దానిని బిగించడం వల్ల రెండూ కొంతసేపు విడివడలేవు. ఐదు నిమిషాల నుండి అరగంట వరకు అట్లా ఉండడం సహజం. మన వీధులలో ఆ స్థితిలో ఉన్న జంతువుల మీద రాళ్లు రువ్వడం, నీళ్లు కుమ్మరించడం, కర్రలతో విడదీయడం చూస్తూ ఉంటాము. పిల్లలు చూస్తారన్న బిడియంతో పెద్దలే ఆ పని చేయిస్తారు. దాని వల్ల రెండు జంతువులకూ లోపల గాయాలవుతాయి. గర్భమూ తప్పిపోదు, వీర్యం అప్పటికే చేరి ఉంటుంది. ఇంటి కుక్క అట్లా చిక్కినా దగ్గర నిలబడి, నెమ్మదిగా తల నిమిరి, దానంతట అది విడివడే వరకు ఆగడమే కర్తవ్యం.

తక్కిన మూడు

క్షేత్రం అంటే గర్భాశయం. ఇంకా చెప్పాలంటే తల్లి శరీరమంతా. మొదటి ఎదలోనే పిల్లలకు ఆశపడడం తగదు. తల్లి ఎముకలే ఇంకా పూర్తిగా ఎదిగి ఉండవు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు వ్యాపారంగా పిల్లలను పుట్టించేవారి విషయంలో ఆడకుక్కకు 18 నెలలు నిండాలని, 12 నెలలలో ఒక కాన్పునకు మించరాదని, జీవితకాలంలో ఐదు కాన్పులు దాటరాదని విధించాయి. వ్యాపారం చేయని గృహస్థులు కూడా పాటించదగిన హద్దులివి.

ఎద కాని రోజులలో చుక్కలు చుక్కలుగా నెత్తురు పడుతూ ఉంటే "మళ్లీ ఎదకు వచ్చింది" అని సరిపెట్టుకోకూడదు. మన దేశపు వీధికుక్కలలో టి.వి.టి. అనే ఒక కణితి కలయిక ద్వారా ఒకదాని నుండి మరొకదానికి సంక్రమిస్తుంది. యోనిలో కాలీఫ్లవర్ పువ్వు వంటి ఎర్రని పెరుగుదల, ఎడతెగని నెత్తురు దాని గుర్తులు. భయం గొలిపేట్లు కనిపించినా విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు చాలా వరకు లొంగిపోతుంది. అశోకచెక్క కషాయంతో మాత్రం లొంగదు. బ్రుసెల్లా కానిస్ అనే సూక్ష్మజీవి వల్ల గర్భస్రావాలు, వంధ్యత్వం కలుగుతాయి. జత కలిపే ముందు రెండు కుక్కలకూ రక్తపరీక్ష చేయించడం వివేకం. ఇది మనుషులకు కూడా సోకగల వ్యాధి. కనుక గర్భస్రావమైన కుక్కను శుభ్రం చేసేవారు చేతితొడుగులు వాడాలి.

బీజం విషయంలో అందరూ ఆడదానినే నిందించడం మానవ సమాజం నుండి కుక్కలకు కూడా సంక్రమించినట్లుంది! మగకుక్కలో వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గిన మగకుక్క ఎంత హుషారుగా ఉన్నా కొన్ని వారాల పాటు దాని వీర్యం బలహీనంగా ఉండవచ్చు. ఆడకుక్కకు ఖరీదైన పరీక్షలు చేయించే ముందు మగకుక్క వీర్యాన్ని ఒకసారి పరీక్షింపజేయడం న్యాయం.

అంబువు అంటే పోషణ. అతిగా లావెక్కిన కుక్క, ఎండిపోయిన కుక్క రెండూ పనికిరావు. గర్భం నిలిచిన మొదటి ఐదు వారాలు మామూలు ఆహారమే చాలు. కడుపులోని పిల్లలు ఎక్కువగా పెరిగేది చివరి మూడు వారాలలో. అప్పుడు క్రమంగా పెంచి, తక్కువ మోతాదులో ఎక్కువసార్లు పెట్టాలి. ప్రేమకొద్దీ గర్భకాలమంతా కాల్షియం టానిక్కులు పోయడం పెద్ద తప్పు. బయటి నుండి అధికంగా అందితే శరీరం తన ఎముకల నుండి కాల్షియం తీసుకునే నేర్పును మరచిపోతుంది. ఈనిన తరువాత పాలకు ఒక్కసారిగా అవసరమైనప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయి, ఒళ్లు వణికి, మూర్ఛలు వస్తాయి. పశువైద్యుడు చెబితే తప్ప కాల్షియం జోలికి పోవద్దు.

గర్భకాలం అండాల విడుదల నుండి 63 రోజులు. కలిపిన తేదీ నుండి లెక్కిస్తే 57 నుండి 72 వరకు మారుతుంది. వీర్యం వేచి ఉండే సంగతి పైన చెప్పుకున్నాము కదా, తేడాకు కారణం అదే. మందుల దుకాణంలో స్త్రీల కొరకు దొరికే గర్భనిర్ధారణ కార్డులు కుక్కకు పనిచేయవు. అవి వెదికే హార్మోను కుక్కలో ఉత్పత్తి కాదు. నాలుగవ వారం నిండిన తరువాత అల్ట్రాసౌండ్ పరీక్షలో గర్భం స్పష్టంగా తెలుస్తుంది.

ఎద రోజులలో గృహచికిత్సలు

ఈ పత్రిక పాఠకులు తప్పక అడిగే ప్రశ్న ఇది. నిజం చెప్పాలంటే ఆరోగ్యవంతమైన ఎదకు చికిత్స అవసరం లేదు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని నూలుగుడ్డతో రోజుకు రెండుసార్లు వెలుపల తుడిస్తే చాలు. పడుకోవడానికి ఉతికిన పాత పంచె మడత వేయాలి. ఆకలి కొద్దిగా మందగిస్తే బలవంతం చేయవద్దు.

చేయకూడనివి మాత్రం ఎక్కువే ఉన్నాయి. నెత్తురు చూసి అశోకారిష్టం పోస్తారు. నీరసమని ద్రాక్షారిష్టం పోస్తారు. అరిష్టాలు, ఆసవాలు అన్నింటిలోను పులియడం వల్ల స్వయంగా పుట్టిన మద్యసారం ఉంటుంది. కుక్కకు అది విషప్రాయం. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బాలింతకు పెట్టినట్లు వెల్లుల్లి కారం అన్నంలో కలిపితే ఎర్రరక్తకణాలు నశిస్తాయి. మగకుక్కలు వాసన పట్టకుండా కర్పూరం రాసేవారున్నారు. నాకితే ఫిట్స్ రాగలవు. పొరపాటున కలిసిన కుక్కకు బొప్పాయి, నువ్వులు బెల్లం పెట్టి గర్భం పోతుందని నిరీక్షించడం విలువైన రోజులను వృథా చేసుకోవడమే. శతావరి, అనగా పిల్లిపీచర, పాలు పెంచే ఓషధిగా ప్రసిద్ధమైనదే. అయినా మనిషి మోతాదును కుక్కకు అన్వయించే సాహసం ఇంట్లో చేయరాదు.

కట్టడి ఎన్ని రోజులు? మొదటి చుక్క కనిపించినప్పటి నుండి కనీసం మూడు వారాలు. వాపు పూర్తిగా తగ్గి, మగకుక్కలు వాసన చూసి పట్టించుకోకుండా వెళ్లే వరకు. నాలుగు వారాలైతే నిశ్చింత. ఇంట్లోనే మగకుక్క ఉంటే, అది తోబుట్టువైనా, కొడుకైనా వేరుగా ఉంచవలసిందే. జంతువులకు వావి లేదు.

ఎద ముగిసిన తరువాత

మూడవ దశయైన ఉత్తర ఋతుదశ రెండు నెలలు సాగుతుంది. గర్భం నిలిచినా, నిలవకపోయినా కుక్క రక్తంలో ప్రొజెస్టిరాన్ ఒకే తీరున అధికంగా ఉంటుంది. శరీరానికి ఆ రెండు స్థితులూ దాదాపు ఒకటే. అందుచేతనే మగదాని ముఖం చూడని కుక్క కూడా ఎద ముగిసిన ఆరు నుండి పది వారాలలో పొదుగు దింపి, పాలు చేపి, మూలన గుడ్డలు పోగుచేసి, ఇంటి పిల్లవాని బొమ్మను ఒడిలో పెట్టుకొని కాపలా కాస్తుంది. దీనినే మిథ్యాగర్భం అంటారు. పాలు పిండకూడదు, పిండిన కొద్దీ చేపుతాయి. బొమ్మలను మెల్లగా తప్పించి, షికారు పెంచితే రెండు మూడు వారాలలో అదే సర్దుకుంటుంది. బాలింతలకు పాలు ఎండడానికి మల్లెపూలు కట్టే అలవాటు మనకుంది. కుక్కకు కట్టి చూడవచ్చుగాని అది వాటిని క్షణం ఉంచదు. పొదుగు వేడిగా, రాయివలె గట్టిపడితే మాత్రం వైద్యునికి చూపాలి.

మిథ్యాగర్భం ముచ్చటగా ఉంటుంది. అదే కాలంలో, అదే హార్మోను నీడలో రాగల మరొక స్థితి ప్రాణం తీస్తుంది. దాని పేరు పయోమెట్రా. గర్భాశయంలో చీము చేరడం. ఎద సమయంలో తెరుచుకున్న గర్భాశయ ముఖం ద్వారా సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి. తరువాత ప్రొజెస్టిరాన్ ప్రభావంతో ముఖం మూసుకొని, లోపలి పొర మందమై, కండరాలు కదలిక మాని, ఆ జీవులకు అనుకూలమైన చెరువు తయారవుతుంది. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల లెక్కలు పరిశీలించగా, పదేళ్లు వచ్చేసరికి ఆడకుక్కలలో సుమారు నాలుగవ వంతు ఈ వ్యాధికి గురి అవుతున్నట్లు తేలింది. గర్భాశయం తొలగించే ఆచారం ఆ దేశంలో తక్కువ కావడం వల్ల ఈ లెక్క స్పష్టంగా దొరికింది. మన ఇళ్లలోని కుక్కలలో కూడా అనేకం ఆ విధంగానే శస్త్రచికిత్స లేకుండా ముసలివవుతున్నాయి.

మా వీధిలోనే ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పొమరేనియన్ ఉండేది. మార్చిలో ఎదకు వచ్చి పోయింది. ఏప్రిల్ నెలాఖరున అది నీళ్లు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. ఎండలు ముదిరాయి కదా అని ఇంటివారు గిన్నె పెద్దది పెట్టారు. అన్నం మానితే వేడి చేసిందని బార్లీ జావ, నానబెట్టిన సబ్జా గింజలు ఇచ్చారు. కడుపు కొద్దిగా పెరిగినట్లు కనిపిస్తే వయస్సు మీద లావెక్కిందనుకున్నారు. చీము బయటకు కారలేదు. గర్భాశయ ముఖం మూసుకున్న రకమది. నన్ను సలహా అడిగితే నేను కూడా చలువ చేసే పదార్థాలే చెప్పాను. ఎద ఎప్పుడు వచ్చిందని అడగాలన్న ఆలోచన నాకు తట్టలేదు. ఐదవ నాడు వాంతులు మొదలయ్యాక పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. ఆపరేషన్ బల్ల మీదకు చేరేసరికే మూత్రపిండాలు చెడిపోయి, అది దక్కలేదు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేదని ఆయన చెప్పారు.

కనుక ఎద ముగిసిన రెండు వారాల నుండి రెండున్నర నెలల వరకు ఆడకుక్క, ప్రత్యేకించి ఆరేళ్లు దాటినది, అధికంగా నీరు తాగినా, మూత్రం ఎక్కువైనా, అన్నం మానినా, వాంతులైనా, తెల్లని లేదా గోధుమరంగు దుర్గంధ స్రావం కనిపించినా ఇంట్లో ఏ చికిత్సా మొదలుపెట్టకుండా అదే రోజున వైద్యునికి చూపాలి. "ఎద ఫలానా తేదీన ముగిసింది" అన్న ముక్క ముందుగా చెప్పాలి. చాలా సందర్భాలలో గర్భాశయాన్ని తొలగించడమే చికిత్స. ఆలస్యమైన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

పిల్లలు అవసరం లేదనుకున్న కుక్కకు ముందుగానే అండాశయాలు, గర్భాశయం తొలగింపజేస్తే ఈ భయం ఉండదు, పొదుగు కణితుల అవకాశం కూడా తగ్గుతుంది. ఎద రోజులలో ఆ భాగాలకు రక్తప్రసారం అధికం కనుక, ఎద ముగిసిన రెండు మూడు నెలలకు, నాలుగవదైన విశ్రాంతి దశలో చేయించడం మేలు. భారీ జాతులలో ఎముకలు ఎదిగే వరకు ఆగమని కొందరు వైద్యులు సూచిస్తారు. వారితో చర్చించి నిర్ణయించుకోవాలి. శస్త్రచికిత్సకు భయపడి ఎద రాకుండా హార్మోను ఇంజెక్షన్లు చేయించేవారున్నారు. ప్రొజెస్టిరాన్ జాతి ఇంజెక్షన్లు ఈ చీము వ్యాధినే పెంచుతాయి. పొరపాటు కలయిక తరువాత వెనుకటి రోజులలో విరివిగా వేసిన ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్లు ఎముకల మూలుగను దెబ్బతీసి, రక్తం తయారు కాకుండా చేయగలవు. అంతకంటె సురక్షితమైన ఉపాయాలను పశువైద్యులు ఇప్పుడు సూచించగలరు. కలయిక జరిగిన కొద్ది రోజులలోనే వారిని సంప్రదించాలి.

ఆడకుక్క ఉన్న ఇంట్లో గోడ క్యాలెండరు మీద మూడు తేదీలు రాసి ఉంచండి: మొదటి చుక్క కనిపించిన రోజు, నడుము నొక్కితే తోక తొలగించిన మొదటి రోజు, వాపు పూర్తిగా తగ్గిన రోజు. ఆ మూడవ తేదీ నుండి పది వారాల పాటు వారానికొకసారి నీటి గిన్నెను కొలిచి పోసి, ఇరవైనాలుగు గంటలకు ఎంత మిగిలిందో చూడండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించి తాగితే అది అసహజం. పది కిలోల కుక్కకు లీటరు దాటడమన్నమాట. అన్నంలో పోసే పాలు, మజ్జిగ కూడా లెక్కలోకి వస్తాయి.